రెండుసార్లు దిద్దిన రంగు

“అంటే ఆ రోజు మధ్యాహ్నం మీరు ఈ గదిలోకి రాలేదు.”

“రాలేదండీ. ఎన్నిసార్లు అడిగినా అదే మాట,” అన్నాడు పార్ట్‌నర్, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ. “పొద్దున వచ్చి ముందు గదిలో ఉన్న ఫ్రేములు పట్టుకెళ్లాను. సాయంత్రం ఎగ్జిబిషన్ ప్రారంభం. నాలుగున్నరకల్లా హాల్లో ఉన్నాను. చూసినవాళ్లు వందమంది ఉంటారు.”

“నాలుగున్నరకి ముందు?”

“ఇంట్లో. మా ఆవిడ అన్నం పెట్టింది, కాసేపు నడుం వాల్చాను.”

“ఆవిణ్ని ఒకసారి కలవొచ్చా?”

“ఇవాళ పొద్దునే పుట్టింటికి వెళ్లింది. రాగానే కలుద్దురుగాని. అయినా మాస్టరు దాదాపు ఆరింటి దాకా బతికే ఉన్నాడని పోలీసులే చెబుతుంటే, అంతకుముందు నేను ఏం చేశానన్నది మీకెందుకండీ?”

డిటెక్టివ్ కళ్లు నేల మీద ఉన్నాయి. కాగితాలు కోసే బల్ల పక్కన, పోలీసులు గీసిన సుద్దగీత ఇంకా చెరిగిపోలేదు. మాస్టరు అక్కడే బోర్లా పడి కనిపించాడు. తల వెనక ఒకటే దెబ్బ. బల్ల అంచుకి తగిలిందని పోలీసుల మాట. ఆ అంచుకి అంటిన నెత్తురు చాలా తక్కువని ఆమె మాట. ఆ మాట ఇప్పటిదాకా ఎవరూ చెవిన పెట్టలేదు.

గది నిండా మసక వెలుతురు. గోడలకి బూడిద రంగు, పైకప్పుకి బూడిద రంగు, కిటికీకి మందపాటి బూడిదరంగు తెర. రంగుల మీద బతికే మనిషి తన చుట్టూ ఏ రంగునీ ఉండనివ్వలేదు. గోడ నీలంగా ఉంటే ఆ నీలం ప్రింటు మీద పడి కంటిని మోసం చేస్తుందని ఆయన భయం. ఆయన పోయాక ఆ గదిలో నిలబడితే మాత్రం ఎవరికైనా ఊపిరాడనట్టే ఉంటుంది.

ఫొటో ప్రింటింగ్‌లో మాస్టరు పేరు మోసినవాడు. కింద ల్యాబ్, పైన ఇల్లు. ప్రింట్లు తీయడం ఆయన వంతు, ఫ్రేములు కట్టించి కస్టమర్లకి చేర్చడం పార్ట్‌నర్ వంతు. కిందటి వారం మాస్టరు చనిపోయాడు. మర్నాటికల్లా ఆయన తమ్ముణ్ని పోలీసులు లాకప్పులో వేశారు. తమ్ముడు తాగి వచ్చి అన్నని వీధిలో నానా మాటలూ అనడం చుట్టుపక్కల అందరూ చూశారు. చనిపోయిన రోజు ఆరింటికి అతను లోపలికి వెళ్లడం ఎదురింటి దర్జీ చూశాడు. పావుగంట తిరక్కుండా అతనే కేకలు పెడుతూ బయటికి పరుగెత్తుకొచ్చాడు. మూడున్నరకీ ఆరున్నరకీ మధ్య ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. ఐదూ పది నుంచి ఐదూ యాభై దాకా పన్నెండు ఫొటోలు ప్రింటు అయినట్టు ప్రింటరు రికార్డులో ఉంది. పంపినవాడి పేరు మాస్టరుదే. కాబట్టి ఐదూ యాభైకి ఆయన బతికే ఉన్నాడు. ఆ తరవాత లోపలికి వెళ్లింది తమ్ముడొక్కడే. పోలీసుల లెక్క అక్కడితో సరి.

“మా మరిది తాగుబోతే కావచ్చు, వాళ్లన్నయ్యని మాత్రం చంపడు,” అంటూ మాస్టరు భార్య డిటెక్టివ్ గుమ్మం ఎక్కింది. ఎంత అడిగినా అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

“చెల్లెమ్మ మీతో ఏమైనా చెప్పిందా?” అన్నాడు పార్ట్‌నర్ ఉన్నట్టుండి, మాస్టరు భార్య వైపు చూస్తూ.

“దేని గురించి?”

“ఏదైనా. పాపం, మనిషి సగమైపోయింది. ఆ స్థితిలో ఏం మాట్లాడుతుందో ఆవిడకే తెలియదు. అందుకని అడిగాను.”

మాస్టరు భార్య తలుపు పక్కనే నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. వారంలో పదేళ్లు మీద పడినట్టుంది. భర్త మెడలో ఎప్పుడూ వేలాడే భూతద్దం ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. పార్ట్‌నర్ మాటకి తలెత్తలేదు.

డిటెక్టివ్ ప్రింటరు దగ్గరికి నడిచింది. మంచం అంత పొడవున్న యంత్రం. కింద గుడ్డ తొట్టి, అందులో చుట్టలు చుట్టుకుని ఒకటే పొడవాటి కాగితం. పన్నెండు ఫొటోలూ విడదీయకుండా దాని మీదే ఉన్నాయి. పోలీసులు కెమెరాతో ఫొటోలు తీసుకుని వాటిని అక్కడే వదిలేశారు. మాస్టరు భార్య ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా వారం రోజులుగా కాపలా కాసింది.

కాగితాన్ని బల్ల మీద పరిచి, దాని మీదికి వంగిన దీపం వేసింది డిటెక్టివ్. పన్నెండూ పొగమంచు ఫొటోలే. మంచులో వంతెన, మంచులో పడవ, మంచులో కరెంటు స్తంభాలు. అన్నీ బూడిద రంగులో ఉండాల్సినవి. మంచు మీద పలచగా వంకాయ ఛాయ పరుచుకుని ఉంది.

ఆమె చేత్తో ఎడమకన్ను మూసి చూసింది. తరవాత కుడికన్ను మూసి చూసింది.

“కన్ను మార్చితే రంగు మారుతోందా మేడం?”

గొంతు వినగానే తెలిసింది ఎవరో. తడిసిన రెయిన్‌కోటు విప్పి తలుపు వెనక తగిలిస్తూ ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. ఒకప్పుడు పోలీసు ఫొటో విభాగం ఆమె చేతికింద ఉండేది. అప్పుడు అతను కెమెరా సంచీ మోసేవాడు. ఆమె ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకుంటోంది. అతను ఎదిగాడు. ఎదిగాడన్న సంగతి ఆమె మరిచిపోతుందేమోనని అతని బెంగ.

“నాలుగింటికల్లా ముద్దాయి మీద కోర్టులో ఛార్జిషీటు వెయ్యాలి,” అన్నాడు. “ఈలోపు మీరు ఇక్కడ తవ్వుతున్నారని తెలిసి వచ్చాను. ఏమైనా దొరికిందా?”

“ఈ ప్రింట్ల రంగు చూశావా?”

“చూశాను. సాయంత్రం ఫొటోలు కదా, ఆకాశం ఎర్రబడి ఉంటుంది.”

“సాయంత్రం ఫొటోలని ఎవరు చెప్పారు?”

“ఎర్రగా ఉన్నాయి కాబట్టి.”

పార్ట్‌నర్ చిన్నగా నవ్వబోయి ఆపుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి.

“మేడం, ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. మీకు ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కంటికి ఇంకా తీయలేదు. ఒక కంటికి లోకం నీలంగా ఉంటుంది, ఇంకో కంటికి పచ్చగా ఉంటుంది. మీ కన్ను చెప్పిన రంగుని పట్టుకుని నేను కోర్టుకెళితే నన్ను చూసి నవ్వుతారు.”

మాట నిజమే. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. పొద్దున టీ పోసుకుంటే కుడికంటికి ఒక రంగు, ఎడమకంటికి ఒక రంగు. ఇరవై ఏళ్లు నమ్ముకున్న కళ్లు ఇప్పుడు ఒకదానితో ఒకటి తగువు పడుతున్నాయి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. వీడికి ఎవరు చెప్పారో.

“నా కన్ను మాట నమ్మొద్దు,” అంది నెమ్మదిగా. “దీని మాట నమ్ము.”

మాస్టరు బల్ల సొరుగులోంచి అరచేతిలో ఇమిడే పరికరం తీసింది. రంగు మీటరు. కాగితం మీద పెట్టి నొక్కితే అక్కడున్న రంగు ఎటు మొగ్గిందో, ఎంత మొగ్గిందో అంకెల్లో చెబుతుంది. వంతెన ఫొటోలో మంచు మీద పెట్టి నొక్కింది. అచ్చమైన బూడిద రంగైతే సున్నా రావాలి. ఎరుపు వైపు తొమ్మిది చూపించింది. పడవ మీద తొమ్మిదికి కాస్త తక్కువ. స్తంభాల మీద మళ్లీ తొమ్మిది.

“ఇప్పుడు ఇదే ఫొటోని ఇదే ప్రింటరు మీద, ఇదే కాగితం మీద, మాస్టరు కూర్చునే సిస్టమ్‌లోంచి తీస్తాను. నువ్వే నొక్కు.”

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కున్నాడు. ఆమె చెప్పినచోటల్లా నొక్కాడు. ప్రింటరు గురగురమంటూ లేచింది. నిమిషాలు గడిచాక వంతెన మళ్లీ పుట్టింది, ఈసారి బూడిద రంగులోనే. మీటరు సున్నా దగ్గర ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ రెండు వంతెనల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు.

“ఏమిటిది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ప్రతి కాగితం సిరాని ఒక్కో రకంగా తాగుతుంది. ఈ కాగితం మీద ఏ రంగు ఎలా తేలుతుందో ముందే కొలిచి పెట్టుకుంటే దాన్ని ప్రొఫైల్ అంటారు. ఫొటో సాఫ్ట్‌వేర్‌కి ఆ ప్రొఫైల్ ఇస్తే అదే రంగులు దిద్ది ప్రింటరుకి పంపుతుంది. అప్పుడు ప్రింటరు సెట్టింగుల్లో ‘రంగు సవరణ వద్దు’ అని చెప్పాలి. చెప్పకపోతే దిద్దిన రంగుల్నే ప్రింటరు మళ్లీ దిద్దుతుంది. ఒకే కూరలో ఇద్దరు ఉప్పు వేసినట్టు. ఈ యంత్రంలో ఆ తప్పు జరిగితే బూడిద రంగు ఇలా వంకాయ రంగులోకి తిరుగుతుంది.”

“మాస్టరే ఆ రోజు మరిచిపోయి ఉండొచ్చుగా. మనిషే కదా.”

“మరిచిపోవడానికి వీల్లేకుండా ఈ సిస్టమ్‌లో సెట్టింగు భద్రం చేసి పెట్టుకున్నాడు. ఇప్పుడు నువ్వు నొక్కినప్పుడు దాన్ని నువ్వేమైనా మార్చావా? దానంతట అదే వచ్చింది. సరే, ఎలాగో తప్పు జరిగిందే అనుకో. మొదటి ఫొటో బయటికి వస్తున్నప్పుడే రంగు తెలిసిపోతుంది. ఆయన ఏం చేస్తాడు?”

ఆ ప్రశ్నకి జవాబు తలుపు దగ్గర్నుంచి వచ్చింది.

“ఆపేస్తారు,” అంది మాస్టరు భార్య. ఆ పూట ఆమె నోరు విప్పడం అదే మొదలు. “చించి పారేస్తారు. ఆ రోజంతా మాతో మాట్లాడరు.”

“విన్నావుగా. పన్నెండూ ఇలాగే వచ్చాయి. ఒక్కటీ ఆపలేదు, ఒక్కటీ చించలేదు, కోయనైనా లేదు. ఎందుకంటే ప్రింటరు నడుస్తున్నంతసేపూ దాన్ని చూసేవాడు ఈ గదిలో లేడు. ఉన్నా, చూసే స్థితిలో లేడు. ఐదూ పదికే మాస్టరు ఆ నేల మీద ఉన్నాడు ఇన్‌స్పెక్టర్ గారూ. ఎవరో ఇంకో కంప్యూటరులోంచి వీటిని పంపించారు. ఆయన ఆరింటి దాకా బతికి ఉన్నాడని నువ్వు నమ్మాలని. నువ్వు నమ్మావు.”

ఇన్‌స్పెక్టర్ దవడ బిగుసుకుంది. “రికార్డులో పేరు మాస్టరుది.”

“కంప్యూటరులో ఏ పేరు పెట్టుకుంటే రికార్డులో ఆ పేరు పడుతుంది.”

“అయితే ఎవరు? అది చెప్పండి. మీ రంగుల పాఠం బాగుంది. కోర్టు నన్ను పాఠం అడగదు, మనిషిని అడుగుతుంది.”

ఆమె పార్ట్‌నర్ వైపు తిరిగింది. అడగకముందే అతను భుజానున్న సంచీలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు.

“మీ అనుమానం నా మీదని తెలుస్తూనే ఉంది. చూసుకోండి. ఈ ప్రింటరుతో కలిసే కంప్యూటరు నా దగ్గర ఇదొక్కటే.”

అతని చూపులో బెదురు లేదు. ఆ నిబ్బరమే ఆమెకి నచ్చలేదు. వంతెన ఫొటో ఆ లాప్‌టాప్‌లోంచి పంపింది. ముగ్గురూ ప్రింటరు మీదికి వంగారు. మంచు బూడిద రంగులో వచ్చింది. మీటరు మళ్లీ సున్నా దగ్గరే ఆగింది.

“మాస్టరే స్వయంగా సెట్టింగులు పెట్టి ఇచ్చాడు,” అన్నాడు పార్ట్‌నర్, లాప్‌టాప్ మూస్తూ. “ఇంత సాయం చేసినవాణ్ని నేను చంపుతానా? చెల్లెమ్మా, నువ్వైనా చెప్పు.”

చెల్లెమ్మ భూతద్దం తాడు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

“అయిపోయిందా మేడం?” ఇన్‌స్పెక్టర్ లేచాడు. “నేను కాదనడం లేదు, ఇందులో ఏదో ఉంది. కానీ మీరు చూపించిన మనిషి మీ పరీక్షలోనే నెగ్గాడు. రేపు ఇంకొకర్ని చూపిస్తారు. అంతదాకా తమ్ముడు నా దగ్గరే ఉంటాడు.”

“ఒక్క రోజు ఆగు. తప్పు మనిషిని కోర్టులో నిలబెట్టాక వెనక్కి తీసుకోవడం కష్టం.”

“మీ చేతికింద ఉన్నప్పుడు ఆగమంటే ఆగేవాణ్ని,” అన్నాడు రెయిన్‌కోటు తొడుక్కుంటూ. “మీతో మళ్లీ పనిపడితే నేనే ఫోన్ చేస్తాను.”

అతను వెళ్లాడు. కాసేపటికి పార్ట్‌నర్ కూడా సంచీ భుజాన వేసుకుని, “జాగ్రత్త చెల్లెమ్మా,” అని వెళ్లిపోయాడు. బయట వాన పెద్దదైంది. ముందు గది గాజు తలుపు మీద నీళ్లు ధారలుగా కారుతున్నాయి.

డిటెక్టివ్ సుద్దగీత పక్కన స్టూలు మీద కూలబడింది. ఎక్కడ తప్పింది? పరీక్ష తప్పు కాదు, అంకెలు తప్పు కాదు. మూడో కంప్యూటరు ఒకటుంది. అది ఎక్కడుందో తెలియకపోతే ఇదంతా వట్టి పాఠమే.

తల తిప్పి చూస్తే మాస్టరు భార్య లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు పైకి వెళ్లింది, కాసేపటికి కిందికి వచ్చింది. ఆమె రెండు చేతులతో గుండెకి అదుముకుని పాత లాప్‌టాప్ ఒకటి తెచ్చింది. మూత మీద గీతలు, ఒక మూల పగిలి అంటించిన టేపు.

“ఇది ఆయనదే,” అంది. “కొత్త సిస్టమ్ కొన్నాక నాకు ఇచ్చేశారు. పేరు మార్చలేదు.”

డిటెక్టివ్ ఆమె ముఖంలోకి చూసింది. ఏమీ అడగకుండానే వంతెన ఫొటో తెరిచి, ప్రింటు నొక్కింది. రెండో వరసకే తెలిసిపోయింది. మంచు మీద వంకాయ ఛాయ కొద్దికొద్దిగా పాకుతూ బయటికి వచ్చింది. మీటరు పెట్టింది. తొమ్మిది.

“మీరే పంపారు,” అంది డిటెక్టివ్.

“నేనే పంపాను.”

“ఎందుకు?”

మాస్టరు భార్య గోడకి చేరబడి, అలాగే జారి కింద కూర్చుంది. “ఆ రోజు ఐదింటికి ఆయన ఫోన్‌లోంచి మెసేజ్ వచ్చింది. నా సిస్టమ్ మొరాయిస్తోంది, ఆ పన్నెండు పొగమంచు ఫొటోలూ నువ్వు పైనుంచి పంపు అని. పంపాను. కింద ప్రింటరు చప్పుడు మొదలైంది. ఆయన పనిలో ఉన్నారనుకున్నాను. ఆయన కింద నేల మీద...” చీర కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది. “పొయ్యి మీద పాలు పెట్టుకుని, కింద చప్పుడు వింటూ, ఇవాళ త్వరగా పైకి వస్తారేమో అనుకున్నానండీ.”

డిటెక్టివ్ లేచి వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఓదార్చే మాటలు ఆమెకి చేతకావు. కాసేపు ఆ చల్లని వేళ్లు తన చేతిలో ఉంచుకుంది.

“పోలీసులకి ఎందుకు చెప్పలేదమ్మా?”

మాస్టరు భార్య తన ఫోన్ తెరిచి చూపించింది. భర్త పేరు మీద ఇంకో మెసేజ్. ఆయన చనిపోయిన రాత్రి వచ్చింది. ‘ప్రింట్లు నువ్వు పంపిన సంగతి బయటపెడితే హాస్టల్లో ఉన్న నీ కూతురి గురించి ఆలోచించుకో.’ దాని తరవాత రోజూ ఏదో ఒక వేళకి ఒక్క ముక్క: ‘చూస్తున్నాను.’

“ఆయన ఫోన్ దొరకలేదు, స్విచాఫ్‌లో ఉందని ఇన్‌స్పెక్టర్ అన్నారు,” అంది మాస్టరు భార్య.

“సిమ్ తీసేసి వైఫైలో వాడితే టవరుకి దొరకదు,” అంది డిటెక్టివ్. “ఈ బెదిరింపు వల్లే నా దగ్గరికి వచ్చారు. నోటితో చెప్పకుండా నేనే కనుక్కోవాలని.”

“రంగు చూసి కేసులు తేల్చేవారని ఆయన మీ గురించి చెబుతుండేవారు. ఆ ప్రింట్లు చూస్తే మీకు అర్థమవుతుందనుకున్నాను. అందుకే ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మరిది లాకప్పులో ఉంటే నాకు అన్నం దిగడం లేదు. కూతురు గుర్తొస్తే నోరు లేవడం లేదు.”

“ఆ రోజు పొద్దున ఆయన ఏమైనా అన్నారా? కోపంగా గానీ, బాధగా గానీ?”

మాస్టరు భార్య ఆలోచించింది. “ఎగ్జిబిషన్‌కి కట్టిన ఫ్రేములు ముందు గదిలో చూసి వచ్చారు. ఇవి నేను తీసిన ప్రింట్లు కావే అన్నారు. ఎగ్జిబిషన్‌లో పెట్టినవి ఒక పెద్ద ఫొటోగ్రాఫర్ ఫొటోలు, అతని సంతకంతో లెక్కగా కొన్నే ఉంటాయట, అందుకే ఒక్కోదానికి బోలెడు ధరట. సంతకంతో సహా ఎవరో దొంగ నకళ్లు తయారుచేశారని, మధ్యాహ్నం పార్ట్‌నర్‌ని పిలిచి అడుగుతానని అన్నారు. అంతే.”

అంతే చాలు. మూడున్నరకో నాలుగింటికో పార్ట్‌నర్ ఈ గదిలో నిలబడి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. చెప్పుకోలేకపోయాడు. మాస్టరు ఫోన్ జేబులో వేసుకుని హాలుకి వెళ్లి, వందమంది మధ్యలో నవ్వుతూ నిలబడి ఈ ఇల్లాలికి మెసేజ్ పెట్టాడు. రెండు దిద్దుబాట్ల సంగతి అతనికి తెలియక కాదు. ఆమె లాప్‌టాప్‌లో ఆ సెట్టింగు లేదన్న ఆలోచనే అతనికి రాలేదు.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేద్దామని ఆమె లేచింది. అప్పుడే ప్రింటరు దానంతట అదే గురగురమంది.

ఇద్దరూ అటు తిరిగారు. లాప్‌టాప్ మీద ఎవరి చేయీ లేదు. మాస్టరు సిస్టమ్ తెర నల్లగా ఉంది. సిరా తల అటూ ఇటూ పరుగెడుతూ కాగితాన్ని వేలెడు వేలెడుగా బయటికి తోస్తోంది. ముందు ఆకాశం వచ్చింది, మబ్బు పట్టిన ఆకాశం. తరవాత ఒక గేటు పైభాగం. తరవాత పసుపు రంగు టోపీ. రెయిన్‌కోటు టోపీ. దాని కింద నుదురు, కళ్లు, నవ్వుతున్న నోరు.

“మా పాప,” అంది మాస్టరు భార్య. ఆ మాట గొంతులోంచి కాక ఇంకెక్కడినుంచో వచ్చినట్టుంది. “ఈ కోటు నేను మొన్న పార్శిల్లో పంపాను. ఇవాళే అందిందని పొద్దున చెప్పింది.”

పసుపు పసుపుగానే ఉంది. మబ్బు బూడిదగానే ఉంది. ఎక్కడా వంకాయ ఛాయ లేదు. సెట్టింగు సరిగ్గా ఉన్న కంప్యూటర్లు రెండే రెండు. ఒకటి ఈ గదిలోనే నిద్రపోతోంది. డిటెక్టివ్ కిటికీ తెర ఒక వేలంత పక్కకి జరిపింది. ల్యాబ్ గోడ పక్కనే, ఇంటి వైఫై అందే దూరంలో, పార్ట్‌నర్ కారు ఆగి ఉంది. అద్దం వెనక లాప్‌టాప్ వెలుగు అతని ముఖం మీద పడుతోంది. ప్రింటరుకి పంపినవాటి జాబితా అతని తెర మీదా కనిపిస్తుంది; పాత లాప్‌టాప్ పంపిన ప్రింటు పక్కన మాస్టరు పేరు మళ్లీ పడగానే, ఈ ఇల్లాలు నోరు విప్పిందని అతనికి అర్థమైపోయి ఉంటుంది.

అతను ఇక్కడుంటే, అక్కడ ఫొటో తీసింది ఎవరు? పాప ఎవరో బాగా తెలిసినవాళ్లని చూసి నవ్వుతోంది.

“పాపకి ఫోన్ చెయ్యండి. స్పీకరు పెట్టండి.”

మూడోసారి మోగాక ఎత్తింది.

“అమ్మా, నీకెలా ఉంది? మెట్ల మీద పడిపోయావట కదా. అత్తయ్య చెప్పింది. నన్ను తీసుకెళ్లడానికి తనే వచ్చింది. కారెక్కాం, బయల్దేరుతున్నాం.”

“ఏ అత్తయ్య?”

“ఏ అత్తయ్య ఏమిటమ్మా, పార్ట్‌నర్ మామయ్య వాళ్లావిడ. ఇదిగో, మాట్లాడుతుందట.”

ఫోన్ చేతులు మారింది. కారు తలుపు మూసిన చప్పుడు.

“వదినా,” అంది ఆ గొంతు ఆప్యాయంగా. “కంగారు పడకు. పిల్ల నా పక్కనే ఉంది. ఆయన వస్తారు, అడిగింది ఇచ్చెయ్యి.” ఫోన్ ఆగిపోయింది.

మాస్టరు భార్య ఏడవలేదు. ఇందాక ఏడ్చిన మనిషి, ఇప్పుడు ఏడవలేదు. లేచి చీర కొంగుతో ముఖం తుడుచుకుని, పాత లాప్‌టాప్ మూసి చేతుల్లోకి తీసుకుంది.

“మీరు ఈ గదిలోనే ఉండండి. మీరు వెళ్లిపోయారని చెబుతాను,” అంది గుసగుసగా. “వాడి చేత మాట్లాడిస్తాను.”

“ఒంటరిగా వెళ్లొద్దు.”

“ఆ రోజు పైన కూర్చున్నాను. ఇవాళ కూర్చోను.”

ఆపే వ్యవధి లేదు. గాజు తలుపు మీద వేళ్లతో తట్టిన చప్పుడు వినిపించింది. ఆమె ముందు గదిలోకి నడిచి, మధ్య తలుపు కొద్దిగా తెరిచి ఉంచింది. డిటెక్టివ్ దీపం ఆర్పి, కాగితపు చుట్టల అల్మరా వెనక్కి తప్పుకుని ఇన్‌స్పెక్టర్ నంబరు నొక్కింది. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్లీ నొక్కింది. ముందు గదిలో గొళ్లెం తీసిన చప్పుడు, వాన హోరు ఒక్కసారిగా లోపలికి వచ్చి మళ్లీ తగ్గింది.

“ఆవిడ వెళ్లిందా?” పార్ట్‌నర్ గొంతు.

“వెళ్లింది,” అంది మాస్టరు భార్య.

అరచేతిలో ఫోన్ పలికింది. “చెప్పండి మేడం. ఇప్పుడేమిటి?” ఇన్‌స్పెక్టర్ గొంతులో విసుగు.

డిటెక్టివ్ నోరు విప్పలేదు. స్పీకరు మీద బొటనవేలు అదిమిపెట్టి, ఫోన్‌ని తలుపు సందు వైపు చాచి పట్టుకుంది. అటువైపు మరో ప్రశ్న రాలేదు. అతను వింటున్నాడు.

“అన్నయ్యా, ఒక్క మాట చెప్పు,” అంటోంది ముందు గదిలో మాస్టరు భార్య. “ఆయన నిన్ను ఏమన్నారు?”

“ఏమన్నాడా? నకళ్ల సంగతి ఆ రాత్రే అందరికీ చెబుతానన్నాడు. వద్దని చేతులు పట్టుకున్నాను. వినలేదు. నాకు వేరే దారి లేకుండా చేశాడు.” అడుగులు దగ్గరయ్యాయి. “ఆ లాప్‌టాప్ ఇలా ఇవ్వు చెల్లెమ్మా. ఇంకో పిల్లని కనే వయసు కాదు నీది.”